పది రాగాలకు మనం పడ్డ బాకీ

చరణ్‌జిత్ సింగ్ పేరు ఎత్తగానే ఎదుటివాళ్ల నోట వచ్చే మాట ఒకటే. "ఆసిడ్ హౌస్ సంగీతాన్ని షికాగో వాళ్లకంటే ఐదేళ్లు ముందే చేసిన బొంబాయి ఆయన కదూ!" అక్కడితో సంభాషణ అయిపోతుంది. ఆయన మధువంతిని ఎలా నడిపారు, లలిత్‌లో పంచమం లేని లోటును ఎలా పూడ్చారు అని అడిగినవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు. పేరు తెలుసు, ఏడాది తెలుసు, ఆయన వాడిన యంత్రాల నంబర్లు కూడా తెలుసు. పాట మాత్రం వినలేదు. విన్నవాళ్లలోనూ చాలామంది రెండో ట్రాకు సగంలో ఆపేసి "అన్నీ ఒకేలా ఉన్నాయండీ" అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు కష్టం కలుగుతుంది. ఒక మనిషి తన పనితనమంతా ఏ చోట పెట్టాడో సరిగ్గా ఆ చోటునే లోపమని చూపించి పక్కన పెట్టేస్తున్నాం కనుక.

'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' 1982లో బొంబాయిలో తయారైన ఎల్పీ. భైరవ్, లలిత్, భూపాలి, తోడి, మధువంతి ఒక వైపు. మేఘ్ మల్హార్, యమన్, కళావతి, మాల్కౌంస్, బైరాగి రెండో వైపు. గాయకుడు లేడు, సితార్ లేదు, తబలా లేదు. ఉన్నది ఒక మనిషి, జపాన్‌లోని రోలాండ్ కంపెనీ చేసిన మూడు యంత్రాలు. రాగం పలికేది జూపిటర్-8 సింథసైజర్ మీద, కింద బాస్ నడిచేది టీబీ-303 అనే చిన్న వెండిరంగు పెట్టె మీద, తాళం టీఆర్-808 మీద. ఒక్కో రాగానికి ఇంచుమించు ఐదు నిమిషాలు. 'కుర్బానీ' సినిమా వచ్చి రెండేళ్లయింది, 'డిస్కో డాన్సర్' ఆ ఏడాదే వచ్చింది, దేశమంతా డిస్కో మోజులో ఉంది. తబలాను తీసేసి ఆ డిస్కో తాళం మీద రాగాలు వాయిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచనతోనే మొదలుపెట్టానని చాలా ఏళ్ల తరవాత ఆయనే చెప్పారు. రికార్డు అమ్ముడుపోలేదు. శాస్త్రీయ సంగీతం వినేవాళ్లు అట్ట మీద డిస్కో అన్న మాట చూసి వదిలేశారు, డిస్కో కావలసినవాళ్లు రాగాలన్న మాట చూసి వదిలేశారు.

ఆయన 1940లో పుట్టారు. హిందీ సినిమా సంగీతంలో ఏళ్ల తరబడి వెనక వరసలో కూర్చుని వాయించిన మనిషి. బాస్ గిటారు, స్టీల్ గిటారు, ట్రాన్సికార్డు, తరవాత సింథసైజర్, ఏది చేతికిస్తే అది. శంకర్-జైకిషన్, ఎస్.డి. బర్మన్, ఆర్.డి. బర్మన్, లక్ష్మీకాంత్-ప్యారేలాల్ అందరి దగ్గరా పనిచేశారు. సినిమా బాణీలను వాద్యాల మీద వాయించి సొంతంగా రికార్డులు తెచ్చారు, పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా నడిపారు. కొత్త వాద్యం ఏది వచ్చిందని తెలిసినా తెచ్చుకునే అలవాటు ఆయనకు ఉండేది. ఇలాంటి మనుషులకు మన దేశంలో పేరు రాదు. మద్రాసు రికార్డింగు థియేటర్లలో మన తెలుగు పాటలకు వయొలిన్, వేణువు, గిటారు, కీబోర్డు వాయించినవాళ్లలో ఎంతమంది పేర్లు మనం చెప్పగలం? పాట హీరోది, తరవాత గాయకుడిది, ఆ తరవాత సంగీత దర్శకుడిది. పాట వినగానే మనం గుర్తుపట్టే ఆ మొదటి గిటారు మీటు ఎవరి వేళ్ల నుంచి వచ్చిందో అడిగే అలవాటే మనకు లేదు. అలాంటి వరసలోంచి ఒకాయన లేచి, సినిమా కాదు, పాట కాదు, నా చేతి పని ఇది అంటూ పది రాగాలు ముందు పెడితే వినడానికి మనుషులు లేకపోయారు.

ఇరవై ఏళ్లకు పైగా ఆ రికార్డు ఊసే లేదు. ఎడో బౌమన్ అనే డచ్చి సేకర్త 2002లో దాన్ని ఢిల్లీలో ఒక పాత రికార్డుల అంగట్లో చూశాడు. 2010లో తన బాంబే కనెక్షన్ సంస్థ తరఫున మళ్లీ అచ్చువేశాడు. అప్పుడు జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు మండుతుంది. యూరప్‌లో, అమెరికాలో చాలామంది నమ్మలేదు. ఇది పాతది కాదు, ఎవరో ఇప్పుడు చేసి పాత రికార్డని అబద్ధమాడుతున్నారు అన్నారు. ఏఫెక్స్ ట్విన్ పేరుతో ప్రసిద్ధుడైన ఎలక్ట్రానిక్ సంగీతకారుడు రిచర్డ్ జేమ్స్ చేసి ఉంటాడని కూడా పుకారు లేచింది. బొంబాయిలో సినిమా పాటలకు కీబోర్డు వాయించే సర్దార్జీ 1982లో ఇంత పని చేశాడంటే నమ్మడం కంటే, బ్రిటన్‌లో ఉన్న ఒక మేధావి దొంగచాటుగా చేశాడనుకోవడం వాళ్లకు తేలికైంది. మనిషి బొంబాయిలోనే, బతికే ఉన్నారు. వెళ్లి అడిగితే చెప్పేవారు.

తీరా నమ్మాక ఇచ్చిన గౌరవం ఎలాంటిది? షికాగోలో ఫ్యూచర్ అనే బృందం (డీజే పియర్, స్పాంకీ, హెర్బ్ జే) అదే టీబీ-303 మీటలు తిప్పుతూ చేసిన 'ఆసిడ్ ట్రాక్స్' 1987లో వచ్చింది. ఆసిడ్ హౌస్ అనే క్లబ్బు డాన్సు సంగీతం అక్కడి నుంచి లెక్క. చరణ్‌జిత్ సింగ్ దానికి ముందున్నారు కాబట్టి ఆయన గొప్పవారు. ఇదీ తీర్పు. ఆ షికాగో కుర్రాళ్లు ఈ రికార్డు వినలేదు, ఈయనకు ఆ ఊరి క్లబ్బుల సంగతి తెలియదు. ఒకే యంత్రం, రెండు ఊళ్లు, రెండు వేరు వేరు ఆలోచనలు. ఫ్యూచర్ వాళ్ల పని గొప్పది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఒకరి పనిని ఇంకొకరి పనికి మొదటి మెట్టుగా మాత్రమే లెక్కపెట్టడం నాకు సమ్మతం కాదు. షికాగోలో 1987లో ఏమీ జరగకపోయినా ఈ పది ట్రాకులు ఇంతే బాగుండేవి. ఆ మాట అనేవాళ్లు కనబడరు.

ఆ వెండిరంగు పెట్టె గురించి కాస్త చెప్పాలి. టీబీ-303ని తడావో కికుమోతో అనే జపాన్ ఇంజినీరు రూపొందించారు. ఒంటరిగా సాధన చేసుకునే గిటారు వాద్యకారుడికి తోడుగా బాస్ వాయించిపెట్టడం దాని ఉద్దేశం. ఆ పనికి అది పనికిరాలేదు. నిజమైన బాస్ గిటారులా పలకలేదు, స్వరాలు అందులోకి ఎక్కించడం పెద్ద తలనొప్పి. ఏ స్వరాలు కావాలో ఒకసారి, అవి ఏ కాలంలో పడాలో ఇంకోసారి విడివిడిగా చెప్పాలి. సుమారు 10,000 పెట్టెలు చేసి 1984లో కంపెనీ దాన్ని ఆపేసింది. కానీ దానిలో ఒక గుణం ఉంది. వరసలోని ఏ స్వరానికైనా 'స్లైడ్' గుర్తు పెట్టవచ్చు. పెడితే ఆ స్వరం తరవాతి స్వరం మీదికి తెగకుండా జారుతుంది. ఇంకో స్వరానికి 'యాక్సెంట్' పెడితే అది నొక్కి పలుకుతుంది. మన సంగీతంలో ఒక స్వరం నుంచి మరో స్వరానికి తెగకుండా పోవడాన్ని జారు అంటాం, ఉత్తరాదిన మీండ్ అంటారు. హార్మోనియం చేయలేనిది ఇదే. ఆ లోపం చూపించే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని బయటికి పంపి, 1970ల దాకా లోపలికి రానివ్వలేదు. మన పద్యనాటకానికి ప్రాణంపోసిన పెట్టెకే ఆ గతి పట్టింది. అలాంటప్పుడు జారు తెలిసిన ఒక యంత్రం ఎవరికో దొరికితే, ఆయన దాని మీద డిస్కో మాత్రమే కాకుండా భైరవ్ వాయించాలనుకుంటే, అది వింత కాదు. రాగం తెలిసిన చెవి ఆ యంత్రాన్ని సరిగ్గా గుర్తుపట్టింది.

ఇక అసలు ఫిర్యాదుకు వస్తాను. అన్నీ ఒకేలా ఉన్నాయన్నది.

ఉన్నాయి. పది ట్రాకులకూ అదే తాళం పెట్టె, అదే దెబ్బ, ఇంచుమించు అదే వేగం. రాగం మొదట కాసేపు తాళం లేకుండా పరిచయమవుతుంది, తరవాత తాళం వచ్చి కూర్చుంటుంది, ఇక చివరిదాకా కదలదు. బాస్ ఒక చిన్న వరసను పట్టుకుని తిప్పుతూ ఉంటుంది. వీటిమీద జూపిటర్-8 రాగాన్ని పలుకుతుంది. మొదట వింటున్నప్పుడు మనకు చెవిలో పడేది ఆ దెబ్బ ఒక్కటే, అది పెద్దగా ఉంటుంది కాబట్టి. నాకూ ఈ రికార్డు ఒక్క వినికిడిలో పట్టుబడలేదు. రాత్రిపూట పని చేసుకుంటూ, రైలు ప్రయాణాల్లో, మళ్లీ మళ్లీ వింటూ పోగా ఒక దశలో ఆ దెబ్బ వినబడటం మానేసింది. ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. కచేరీలో తంబూరా వినబడటం మానేస్తుందే, అలా. తంబూరా మొదటి పాట నుంచి మంగళం దాకా ఒకే శ్రుతి మీటుతుంది. ఇంత విసుగేమిటని ఎవరూ అనరు. అది కదలకుండా ఉంటేనే దానిమీద కదిలేది తెలుస్తుందని మనకు తెలుసు. ఈ రికార్డులో 808కి ఆ ఉద్యోగం ఇచ్చారు ఆయన. ఒక్కో రాగానికి ఒక్కో తాళం, ఒక్కో వేగం, ఒక్కో వాద్యబృందం పెట్టి ఉంటే మనం పది రకాల హంగులు వినేవాళ్లం. అన్నీ బిగించి ఉంచి రాగాన్ని ఒక్కదాన్నే మార్చారు కాబట్టి, ఒక ట్రాకుకీ మరో ట్రాకుకీ తేడా అంతా రాగంలోనే ఉంది. ఒకేలా ఉన్నాయన్నవాళ్లకు వినబడింది మారని భాగం. మారే భాగం కోసం ఇంకొంచెం ఆగాలి.

దెబ్బ వెనక్కి పోయాక వినబడేది బాస్. నాకు ఈ రికార్డులో అన్నిటికంటే ఇష్టమైనది అదే. డిస్కోలో, ఇంకా చాలా పాటల్లో, బాస్ షడ్జ పంచమాల మీద ఆధారపడి నడుస్తుంది. అవి రెండూ గట్టి నేల. మరి పంచమమే లేని రాగం వస్తే? లలిత్‌లో పంచమం లేదు, రెండు మధ్యమాలు పక్కపక్కనే ఉన్నాయి. మాల్కౌంస్‌లో పంచమం లేదు, రిషభమూ లేదు. అక్కడ బాస్ ఆనుకోవలసింది మధ్యమం మీద. దాంతో నేల మొత్తం కొంచెం పక్కకు ఒరిగినట్టుంటుంది, ఆ ఒరుగుతనం మీద అదే దెబ్బ పడుతూ ఉంటుంది. భూపాలి దగ్గరకు వచ్చేసరికి పంచమం ఉంది, అంతా తేటగా తెరుచుకుంటుంది. ఇది యాదృచ్ఛికం కాదు. రాగం ఒప్పుకోని స్వరాన్ని బాస్‌కు కూడా ఇవ్వకూడదన్న నియమం పెట్టుకుని, ఆ పెట్టెలోకి ఒక్కొక్క స్వరమూ ఎక్కించిన మనిషి పని అది.

మన తెలుగు చెవికి ఇందులో పరాయితనం ఏమీ లేదన్నది నాకు మరీ బాధ కలిగించే సంగతి. భైరవ్ స్వరాలు మన మాయామాళవగౌళవి. సరళీ వరసలతో సంగీతం నేర్చుకున్న ప్రతి పిల్లకూ పిల్లవాడికీ మొదట నోట పలికిన స్వరాలు అవి. భూపాలి మన మోహన. యమన్ మన కల్యాణికి చుట్టం. మాల్కౌంస్ అంటే హిందోళం. కళావతి అంటే వలజి. బైరాగి అంటే రేవతి. ఆ తోడి పేరుకు తోడే గాని స్వరాల్లో మన శుభపంతువరాళి. మేఘ్ మధ్యమావతికి దగ్గర. కచేరీలకు వెళ్లేవాళ్లకే కాదు, సినిమా పాటలు విన్న ప్రతి తెలుగువాడికీ మోహనా హిందోళమూ పేర్లు తెలియకపోయినా ఒంట్లో ఉన్నాయి. లండన్‌లోనో బెర్లిన్‌లోనో క్లబ్బులో ఈ రికార్డుకు చిందులేసినవాళ్లకు అందని పొర ఒకటి మనకు పుట్టుకతోనే అందింది. అలాంటి మనం వినకుండా వాళ్లకు వదిలేశాం.

మళ్లీ మళ్లీ చెప్పడం మన సంగీతానికి కొత్తా? త్యాగరాజు ఒక పల్లవి పాదాన్ని తీసుకుని సంగతి మీద సంగతి వేస్తాడు. మాటలు అవే, తాళం అదే, ప్రతి తిరుగుడులోనూ ఒక చిన్న మెలిక. చెక్కభజనలో, కోలాటంలో, ఒగ్గుడోళ్ల దరువులో ఒకే వరస గంటలకొద్దీ తిరుగుతుంది. ఆడేవాళ్లకూ చూసేవాళ్లకూ పూనకం వచ్చేది ఆ తిరుగుడులోనే. ఉత్సవం రాత్రి డప్పు దగ్గర నిలబడి ఎవరూ దీన్ని మార్చి కొట్టండయ్యా అనరు. అమెరికాలో టెరీ రైలీ, లా మాంట్ యంగ్ 1970 నుంచి కిరాణా ఘరానా గాయకుడు పండిత్ ప్రాణ్‌నాథ్ దగ్గర శిష్యరికం చేశారు. ఫిలిప్ గ్లాస్ పారిస్‌లో రవిశంకర్ పక్కన కూర్చుని ఆయన సంగీతాన్ని పాశ్చాత్య లిపిలో రాస్తూ కొత్త దారి పట్టుకున్నాడు. వాళ్లు ఒక వరసను పదేపదే తిప్పితే దానికి మినిమలిజం అని పేరొచ్చింది, విశ్వవిద్యాలయాల్లో పాఠమైంది. చరణ్‌జిత్ సింగ్ అదే పని చేస్తే బోరు.

శాస్త్రీయ సంగీతం బాగా తెలిసినవాళ్లు చెప్పే అభ్యంతరం ఒకటుంది, దానికి బరువుంది. భైరవ్‌లో కోమల రిషభం ఎంత దించాలో, ఎలా ఊగాలో కీబోర్డుకు తెలియదు. పన్నెండు సమాన మెట్ల మీద ఏర్పడిన యంత్రంలో ఆ సూక్ష్మ శ్రుతి దొరకదు. ఐదు నిమిషాల్లో తోడి తేలదు. నిజమే. ఈ రికార్డు భైరవ్‌ను విలంబిత ఖయాల్‌లా విస్తరిస్తానని ఎక్కడా అనలేదు. కానీ వాద్యం చేయలేనిదాన్ని తూచేముందు అది చేసేది కూడా త్రాసులో వేయాలి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ చిన్నతనంలో ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని కచేరీకి కూర్చున్నప్పుడు ఈ విదేశీ వాద్యం మీద కర్ణాటక సంగీతమా అని సందేహించినవాళ్లు ఉన్నారు. ఆ సందేహం ఆయన చేతిలో తీరిపోయింది, ఎందుకంటే సభలు ఆయన్ని కూర్చోబెట్టి విన్నాయి. వయొలిన్‌నూ అలాగే విన్నాం, సాక్సఫోన్‌నూ విన్నాం. ఈయనకు ఆ కూర్చోబెట్టడమే దొరకలేదు.

చివరి రోజుల్లో కొంత దొరికింది. డెబ్బై ఏళ్లు దాటాక యూరప్ వేదికల మీద ఆ యంత్రాలతోనే ఈ రాగాలు వాయించారు. తమకంటే యాభై ఏళ్లు పెద్దాయన ముందు కుర్రకారు ఆడారు. 2015 జులైలో ముంబయిలో కన్నుమూశారు. సంస్మరణలన్నిటా మళ్లీ అదే శీర్షిక, ఆసిడ్ హౌస్‌కు ముందే ఆసిడ్ హౌస్. చనిపోయినప్పుడు కూడా ఆయనను షికాగో గుమ్మం దగ్గరే నిలబెట్టారు.

ఇది ఆయన ఒక్కరి కథే కాదు. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు ఒక మూగ్ సింథసైజర్ వచ్చింది. అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ వచ్చి దాన్ని అమర్చిపెట్టారు. గీతా సారాభాయ్, ఎస్.సి. శర్మ, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, జిన్‌రాజ్ జోషీపురా దానిమీద పనిచేశారు. ఆ టేపులు దశాబ్దాలు అక్కడే పడి ఉంటే, బ్రిటన్ నుంచి వచ్చిన పాల్ పర్గస్ వెలికితీసి 2023లో రికార్డుగా తెచ్చాడు. ఈ దేశంలో ఎలక్ట్రానిక్ సంగీతానికి చరిత్ర ఉంది. దాన్ని ప్రతిసారీ బయటినుంచి ఎవరో వచ్చి తవ్వి చూపించాలి, చూపించాక మనం గర్వపడాలి. ఆ గర్వం నాకు ఏమాత్రం రుచించదు.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. విగ్రహం వద్దు, బిరుదు వద్దు. సంగీత కళాశాలల్లో మోహన నుంచి భూపాలికి, హిందోళం నుంచి మాల్కౌంస్‌కు దారి చెప్పే రోజున ఈ ట్రాకులు కూడా ఒకసారి వినిపించండి. స్వరస్థానాలు అంత విడివిడిగా, అంత స్పష్టంగా వినబడే రికార్డులు తక్కువ. సినిమాల్లో కీబోర్డు ప్రోగ్రామింగ్ చేస్తున్న తెలుగు కుర్రాళ్లు హైదరాబాద్‌లో వందల మంది ఉంటారు. వాళ్లందరూ వాడే తాళం శబ్దాల్లో 808 ఉంది. దాన్ని రాగం కోసం మొదట్లోనే ఇంత శ్రద్ధగా వాడిన పెద్దాయన ఒకరున్నారని వాళ్లకు ఎవరైనా చెప్పాలి. రేడియోలో రాత్రిపూట ఒక గంట వేయవచ్చు, అడ్డేమిటి?

వినబోయేవారికి ఒక మాట. మొదటి ట్రాకు నుంచి మొదలుపెట్టకండి, ఆ భైరవ్‌తో మొదలుపెట్టి డిస్కో దెబ్బ దగ్గరే ఆగిపోయినవాళ్లను చూశాను. చివరిదైన బైరాగితో మొదలుపెట్టండి. రేవతి వేదం చదివినట్టుండే రాగం, ఐదే స్వరాలు, గాంధారమూ ధైవతమూ లేవు, తిరగడానికే పుట్టిన వరస. దాన్ని ఫోను స్పీకరులో కాకుండా బాస్ వినబడే చోట వినండి, ఆ చిన్న పెట్టె స్వరం నుంచి స్వరానికి జారడం పట్టుకోండి. అది అలవాటయ్యాక మాల్కౌంస్‌కు వెళ్లండి, తరవాత లలిత్‌కు. భైరవ్ అన్నిటికంటే ఆఖరున.